మడత గాలం

చాచితే ఏడడుగులు, ముడిస్తే మూరెడు.
సంచిలో నీళ్లసీసా పక్కన
గొడుగు పిల్లలా నిద్రపోతుంది.
నడుముకు చుట్టిన కాగితం మాత్రం
మడత మీద మడత విప్పినా
అవతలి గట్టు కనబడదు.

మందులంగడి నాది, బురుజు వెనక సందులో.
చీమతలంత అక్షరాలు చదివి చదివి
బతికిన కండ్లు ఇవి.
బాగా కుదిపి తాగండి. పిల్లలకు అందనీయకండి.
చల్లని చోట దాచండి.
కర్నూల్లో, మే నెలలో, కరెంటు లేని మధ్యాహ్నాన!

నల్లమలలో నాలుగు రోజులు నడవాలని
కొన్నాను దీన్ని. నడక ఎప్పుడో తెలీదు,
సంచి మాత్రం సిద్ధం.
అందాకా సుంకేసుల కింద, ఆదివారం, ఒక రాయి.
చేతిలో మళ్లీ కాగితమే.

ఎనిమిది భాషలు. తెలుగు అట్టడుగున,
చేపను ఎన్నడూ చూడని వాడెవడో మార్చిన తెలుగు:
"దయచేసి మీ కన్నును పోగొట్టుకొనవద్దు."
"కొక్కెము మొనదేలి ఉండుటకు అవకాశము కలదు."

పక్కరాతి మీద ఉరుకుందప్ప,
వెదురుకర్ర, తగరపు డబ్బాలో ఎర్రలు.
చదువు రాదు, చెవులు గట్టివి.
నా గాలాన్ని ఒక్కో కణుపూ లాగి చూసి
"రేడియో తీగ మాదిరుంది, వార్తలొస్తాయా?" అన్నాడు.
"మళ్లా చదువు సారూ. మొన లేకుంటే
చేపలు సిగ్గుపడి ఎక్కొస్తాయంటనా?"

"నీటి సమీపమున వాడునప్పుడు జాగ్రత్త."
"ఇంగ యాడ వాడల్ల? ఆదోని పత్తి మార్కెట్లోనా?"

"ఈ వస్తువును మింగరాదు."
బీడీ నోట్లోనే ఉండిపోయింది.
గాలాన్ని పైనుంచి కిందికి చూశాడు,
ఏడడుగులూ.
తన గొంతు ఒకసారి తడుముకున్నాడు.

"దీనితో వీపు గోకుకొనరాదు."
నేను పగలబడి నవ్వుతుంటే ఆయన నవ్వలేదు.
"ఎవడో గోక్కునుంటాడు సారూ.
గోక్కోకుండా ఎవడు రాస్తాడు?"

అప్పటినుంచి చదవడం నెమ్మదైంది.
ప్రతి వాక్యం వెనకా ఒకడు నిలబడినట్టుంది,
ఒకడు కన్ను మూసుకొని,
ఒకడు చొక్కా ఎత్తి వీపు చూపిస్తూ.
నా అంగట్లో మాత్రల పెట్టెల్లో కూడా
"అరుదుగా" అని ఒక మాట ఉంటుంది.
ఆ అరుదైన మనిషి పేరు ఎక్కడా రాయరు.

"కరెంటు తీగల కింద చాచరాదు."
ఇద్దరం ఒకేసారి తలెత్తినాం.
తీగ ఉంది. దాని మీద మూడు కాకులున్నాయి.
మాట్లాడకుండా సంచులు తీసుకొని
నలభై అడుగులు అవతలికి పోయి కూర్చున్నాం.

కాసేపటికి అడిగాడు,
"ఏటి గురించి ఏమన్నా రాసినారా?"
తిరగేసి చూశాను. లేదు.
తుంగభద్ర వైపు గడ్డం ఎత్తి చూపించాడు, అంతే.
ఏరు ఊర్లోకొచ్చిన ఆ ఏడు
నా అంగట్లో నడుమెత్తు నీళ్లలో
పెట్టెలు పెట్టెలు తేలుతూ తిరిగినాయి,
ఒక్కోదాని నుదుటా అచ్చు:
"తేమ తగలని చోట ఉంచవలెను."

పొద్దు వాలినాక పడింది ఒక జెల్ల.
తీయబోయి బొటనవేలు చీల్చుకున్నాను.
"రెక్కకాడ ముల్లుంటాది, చూసుకోవల్ల"
అన్నాడు ఆలస్యంగా,
గాయం మీద బీడీ నుసి అద్దుతూ.
"అది రాయలేదా దాంట్లో?"
కాగితాన్ని నా చేతిలోంచి లాక్కొని
చేపను దాంట్లోనే చుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి విప్పితే
తెల్లటి పొట్ట మీదికి నీలం సిరా దిగి
అక్షరాలు వెనక్కి తిరిగి ఉన్నాయి.
పర్వీన్ చేతద్దం తెచ్చి పట్టింది,
కూడబలుక్కొని పైకి చదివింది:
"మింగరాదు."

అద్దం పక్కన పెట్టి
చింతపండు నానేసింది.